ఐదు టైర్ల లెక్క

జిల్లెట్, వయోమింగ్
నవంబరు 9, 2024

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

పోయిన ఆదివారం ఫోనులో ఐదు టైర్లకు 1,600 డాలర్లు పెట్టానని చెప్పగానే మీరు మనసులోనే దాన్ని రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మౌనంగా ఉండి, ఆ తరువాత "ఎంత పెట్టావన్నది సరే, ఏ బరువుకు కొన్నావో చెప్పు" అని అడిగారు. అంతలో గేటు తగిలి దూడ కాలు విరిగిందని ఒక రాంచి (పశువులను మేపే పెద్ద క్షేత్రం) నుంచి కబురు రావడంతో నేను జవాబు చెప్పకుండానే బయలుదేరవలసి వచ్చింది. ఇరవై ఆరేళ్లు లారీ నడిపిన మనిషికి ఈ లెక్క ఫోనులో ముక్కలుగా చెప్పడం కంటె కాగితం మీద పెట్టడమే మర్యాద అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా బండి 2500 తరగతి డీజిల్ పికప్పు. ఇక్కడివారు ఈ తరగతిని ఇప్పటికీ ముప్పావు టన్ను బండి అని పాత పేరుతోనే పిలుస్తారు గాని, అది అంతకంటె చాలా ఎక్కువ మోస్తుంది. వెనక తొట్టిలో మందులు, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్ ఉన్న పశువైద్యపు పెట్టె శాశ్వతంగా బిగించి ఉంటుంది. వారానికి మూడు నాలుగు రోజులు పశువులను నిలబెట్టి బిగించే ఇనుప బోనును ట్రైలరు మీద వెంట లాక్కుని పోతాను. మీరు అడగబోయే మొదటి ప్రశ్న నాకు తెలుసు కనుక, టైర్ల కొట్టుకు వెళ్లే ముందే హైవే పక్కన లారీలు ఆగే చోట కాటా వేయించాను. ట్రైలరు తగిలించి, ట్యాంకు నింపి తూచినప్పుడు ముందు యాక్సిల్ మీద 2,180 కిలోలు, వెనక యాక్సిల్ మీద 2,400 కిలోలు వచ్చాయి. అంటే వెనక ఒక్కో టైరు మీద 1,200 కిలోలు పడుతున్నాయన్నమాట.

ఈ ఒక్క అంకె చేతిలో లేకపోయి ఉంటే నేను నిస్సందేహంగా తప్పు టైరు కొనేదాన్ని. కొట్టులో అబ్బాయి మొదట చూపించినది చవకగా, పైకి గట్టిగానే కనిపించే ఆల్ టెర్రైన్ టైరు, అంటే తారుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చే రకం. దాని పక్క గోడ మీద బరువు సూచిక 116 అని ఉంది, అంటే 1,250 కిలోలు. నాకు కావలసినది 1,200 కనుక సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కాని అది కార్ల కొలతలో తయారైన టైరు. అటువంటి టైరును పికప్పుకు వేసేటప్పుడు దాని సామర్థ్యాన్ని 1.1తో భాగించి చూసుకోవాలన్నది ఇక్కడి నియమం. అలా చూస్తే మిగిలేది 1,136 కిలోలే. కనుక పరిమాణం ముందు ఎల్‌టీ అనే అక్షరాలు, అంటే తేలికరకం ట్రక్కు టైరు అన్న గుర్తు, ఉన్నవాటినే చూపించమన్నాను. నేను కొన్నది ఎల్‌టీ 275/70ఆర్18, బరువు సూచిక 125/122. మొదటి అంకె యాక్సిల్‌కు ఒక్కొక్క వైపు ఒకే టైరు ఉన్నప్పటిది, 1,650 కిలోలు. రెండవది మన లారీ వెనక చక్రాల్లాగా జంటగా వేసినప్పుడు ఒక్కొక్కటి మోయగలిగిన 1,500 కిలోలు.

దీని మీద 'లోడ్ రేంజ్ ఈ' అనే బరువు తరగతీ, పది ప్లై అంటే పది పొరలు అనీ కూడా రాసి ఉంటుంది. మీ పదహారు ప్లై నైలాన్ టైర్ల ముందు ఇది మీకు బొమ్మ టైరులా అనిపించవచ్చు. లోపల నిజంగా పది పొరలు ఉండవు. నూలు పొరల కాలంలో పది పొరలకు ఉండే బలంతో సమానమని చెప్పడానికి ఆ పాత లెక్కను అలాగే ఉంచుకున్నారు. ఇప్పటి రేడియల్లో పొరలు కొన్నే, రోడ్డును తాకే నడక భాగం కింద ఉక్కు పట్టీలు ఉంటాయి. ఇంకొక సంగతి, ఆ 1,650 కిలోలు 80 పౌండ్ల గాలి ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే మోసే శక్తి కూడా తగ్గుతుంది. నా బండి తలుపు మీది కాగితం ముందుకు 60, వెనకకు 80 పౌండ్లు పెట్టమంటుంది.

బరువు తేలిన తరువాత రోడ్ల సంగతికి వచ్చాను. ఈ బండితోపాటు వచ్చినవి హైవే టైర్లు, అంటే మీరు లారీ ముందు వేసే రిబ్ టైర్ల వంటివి. తారు మీద నిశ్శబ్దంగా నడిచి డీజిలు ఆదా చేసేవి. కాని నేను తిరిగే దూరంలో సగానికి పైగా మట్టిరోడ్లే. ఈ ప్రాంతపు రోడ్లకు పరిచే ఎర్రరాయిని ఇక్కడివారు స్కోరియా అంటారు. ఈ పౌడర్ రివర్ ప్రాంతమంతా నేల కింద బొగ్గు పొరలున్నాయి. వేల, లక్షల ఏళ్ల కిందట వాటిలో కొన్ని తమంత తాము అంటుకుని మండినప్పుడు, పైనున్న మట్టి ఇటుక బట్టీలో కాలినట్టు కాలి ఈ రాయి అయింది. చూడడానికి ఎంతో అందమైన రంగు, విరిగిన అంచు మాత్రం గాజుపెంకు. సెప్టెంబరులో అటువంటి అంచు ఒకటి నా కుడి వెనక టైరు పక్క గోడను నాలుగు వేళ్ల మేర కోసింది. పక్క గోడ తెగితే అతుకు లేదన్నది మీకు చెప్పనక్కరలేదు.

అసలు సిగ్గుపడవలసినది ఆ తరువాతి ఘట్టం. తొట్టి కింద వేలాడే స్టెప్నీని దించి చూస్తే దాని మీది తయారీ అంకెలు 1815. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండూ సంవత్సరం. అంటే 2015లో పద్దెనిమిదో వారం. తొమ్మిదేళ్లుగా ఒక్క మైలు తిరగకపోయినా రబ్బరంతా సన్నటి నెర్రెలు తీసింది. బండి కొన్నప్పుడు నాలుగు చక్రాలూ చూశాను, ఐదో దాన్ని చూడలేదు. ముప్పై కిలోమీటర్ల వేగంతో ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండయింది. నాలుగు కాక ఐదు కొనడానికి కారణం ఇదే. పైగా నాలుగు చక్రాలూ తిరిగే బండికి అన్ని టైర్ల చుట్టుకొలతా ఒక్కటిగా ఉండాలి; ఒకటి అరిగి ఒకటి కొత్తదై ఉంటే గేర్ల పెట్టె మీద ఒత్తిడి పడుతుంది. కొత్త టైర్లు ముందుకు, రీట్రెడ్ చేయించినవి వెనకకు అన్నది మీ పద్ధతి. ఇక్కడ రెండే కొంటే వాటిని వెనకకే వేస్తారు, తడిరోడ్డు మీద వెనక భాగం జారితే బండి గిర్రున తిరిగిపోతుందని. ఐదూ ఒకేసారి మార్చాను కనుక మనిద్దరికీ ఆ తగవు తప్పింది.

పక్క రాంచిలోని కుర్రవాళ్లందరూ బురద టైర్లు వేయమన్నారు. లగ్గులనే పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలతో, మధ్య వెడల్పు ఖాళీలతో అవి బండికి మంచి ఠీవినే ఇస్తాయి. కాని మంచుగడ్డ మీద పట్టు దొరకాలంటే రోడ్డును తాకే రబ్బరు ఎక్కువగా ఉండాలి, ఆ రబ్బరు మీద సన్నటి కోతలు ఉండాలి. బురద టైరులో రెండూ తక్కువ. ఇక్కడ బురద ఏడాదికి కొన్ని వారాలు, మంచు ఐదారు నెలలు. ఆ బురద కూడా సామాన్యమైనది కాదు. మన నల్లరేగడిలో ఉండే ఉబ్బే బంకమన్ను జాతిదే ఇక్కడి బెంటొనైట్ మట్టి. వాన పడితే అది టైరు గాళ్లన్నింటినీ పూడ్చి, ఎంత గొప్ప టైరునైనా రెండు నిమిషాల్లో నున్నటి గుండు చేస్తుంది. దానికి మందు టైరు కాదు, ఓపిక. నల్లరేగడి చేలోకి బండి దించడానికి మీరు ఎండకోసం ఎదురుచూసేవారు. మేము తెల్లవారుజామున నేల గడ్డకట్టి ఉన్నప్పుడు వెళ్లి, ఎండ ఎక్కేలోపు బయటపడతాం.

ముప్పై అయిదు అంగుళాల ఎత్తు టైర్లను తలుపు దగ్గరే తోసిపుచ్చాను. నా టైరు ఎత్తు ముప్పై మూడు అంగుళాల పైచిలుకు. రెండు అంగుళాలు పెంచితే స్పీడోమీటరు అయిదు శాతం తక్కువ చూపిస్తుంది, బ్రేకుకు పని పెరుగుతుంది, పైగా ఆ కొలతలో నేను చూసిన కొన్ని టైర్ల బరువు సూచిక నా టైరు కంటె తక్కువగానే ఉంది. పెద్దదై ఉండి తక్కువ మోసే టైరుకు ఎక్కువ డబ్బు ఇవ్వడం నాకు మింగుడుపడలేదు.

చివరకు బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2, టొయో ఓపెన్ కంట్రీ ఏటీ3 అనే రెండు ఆల్ టెర్రైన్ టైర్లు మిగిలాయి. రెండింటి మీదా మూడు శిఖరాల కొండలో మంచు రేకు ఉన్న గుర్తు ఉంది. బురద, మంచు అని సూచించే ఎమ్ ప్లస్ ఎస్ అనే అక్షరాలు ఇటువంటి టైర్లలో దాదాపు ప్రతిదాని మీదా ఉంటాయి, అవి గాళ్ల ఆకారాన్ని మాత్రమే చెబుతాయి. ఈ కొండ గుర్తు రావాలంటే మాత్రం అదిమిన మంచు మీద లాగే శక్తిని నిజంగా పరీక్షించి చూడాలి. అలాగని అది గడ్డకట్టిన మంచు మీద బ్రేకు గురించి ఏ హామీ ఇవ్వదు, నేను దాన్ని నమ్ముకుని వేగంగా వెళ్లనని అమ్మకు చెప్పండి. కార్ల టైర్ల మీద ఉండే అరుగుదల అంకె ఈ ఎల్‌టీ టైర్ల మీద ఉండదు కనుక, గాళ్ల లోతు, హామీ దూరం చూసే బేరీజు వేసుకోవాలి. నిజం చెప్పాలంటే రెండింటిలో దేన్ని వేసుకున్నా నష్టం లేదు. కొట్టులో ఈ ఏడాది ఇరవై ఏడో వారంలో తయారైన ఐదు టొయోలు ఒకే చోట దొరికాయి కనుక అవే తీసుకున్నాను. తారు మీద కొంచెం హోరు పెరిగింది, డీజిలు కూడా కొంత ఎక్కువే తాగుతున్నది. లోతైన గాళ్లు కావడం చేత బరువు మీద మలుపు తిరిగేటప్పుడు మొదటి వారం బండి వెనక కాస్త ఊగినట్టు అనిపించింది. ఇప్పుడు అది తగ్గింది.

గాలి సంగతి మీకు ఆసక్తిగా ఉంటుంది. కొట్టు లోపలి వెచ్చదనంలో, 20 డిగ్రీల దగ్గర, 80 పౌండ్లు పట్టిస్తే, జనవరిలో సున్నాకు 25 డిగ్రీలు దిగిన తెల్లవారుజామున అది దాదాపు 66కు పడిపోతుంది. టైరుకు చిల్లేమీ ఉండదు, చలికి గాలే ముడుచుకుంటుంది. అందుకని రాత్రంతా ఆరుబయట ఉన్న బండికి పొద్దున్నే, కదలకముందే చూసి పట్టిస్తున్నాను. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాను. మీరు రాత్రిపూట ఇనుప కడ్డీతో టైర్లను తట్టి శబ్దం వినేవారు కదా, నేనూ ఒకరోజు తట్టి చూశాను. మీ చెవికి తెలిసినది నా చెవికి తెలియలేదు, మీటరుతోనే సరిపెట్టుకుంటున్నాను.

పాత టైర్లను ఏం చేశావని అడుగుతారు. తెగినదాన్ని కొట్టులోనే వదిలేశాను. మిగిలిన మూడింటినీ, ఆ తొమ్మిదేళ్ల స్టెప్నీనీ ఒక రాంచి ఆయన పాతర గడ్డి మీద కప్పిన పట్టా గాలికి లేవకుండా బరువుకు పెట్టుకుంటానని తీసుకుపోయారు. తమ్ముడు ట్రాక్టరు ట్రైలరుకు సెకండ్ హ్యాండ్ టైర్లు బేరమాడుతున్నాడని అమ్మ చెప్పింది. డబ్బు ఇచ్చేముందు వాటి పక్క గోడ మీది ఆ చివరి నాలుగు అంకెలు ఫోటో తీసి నాకు పంపమని చెప్పండి.

ఇట్లు,
మీ కుమార్తె