మీ అమ్మాయి సర్వే గురించి

ఒరేయ్ రమణా,

మీ అమ్మాయి ఎండల్లో ఊరి మీద పడి సర్వే చెయ్యాలట, ఇదెక్కడి చదువురా అని రాశావు. దాని పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. పిల్లలు సీఎస్పీ అంటారు. డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో 180 గంటలు ఏదో ఊళ్ళోనో వార్డులోనో పనిచెయ్యాలి. 4 క్రెడిట్లు. ఇల్లిల్లూ తిరిగి సర్వే, రోజూ లాగ్‌బుక్కు, చివర్న రిపోర్టు. ఎగ్గొట్టడానికి లేదు.

మన ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) వేరు. ఇష్టమున్నవాళ్ళే చేరేవాళ్ళం (నువ్వు క్యాంపు భోజనం కోసం చేరావనుకో). ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు, బ్యాడ్జీ మీద కోణార్క చక్రం. గాంధీగారి శతజయంతి ఏట, 1969 సెప్టెంబరు 24న 37 యూనివర్సిటీల్లో మొదలైందని మన ప్రోగ్రాం ఆఫీసరు ప్రతి క్యాంపులోనూ చెప్పేవారు, గుర్తుందా? 'నేను కాదు, నువ్వు' అనేది నినాదం. పార పట్టాల్సి వచ్చినప్పుడల్లా నువ్వు దాన్ని నాకు వినిపించేవాడివి.

ఇక మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊళ్ళు. చూస్తే రెండో కోనసీమే. కానీ ఏ వీధికెళ్ళినా కిడ్నీ జబ్బు మాటే. షుగరూ బీపీ లేని కూలి మనుషులకీ వస్తుంది. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ అని తేలింది లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. అంతకుముందు ఎంతమంది వచ్చి రక్తం, మూత్రం, నూతినీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారో లెక్కలేదు.

అలాంటి ఊరికి మా కాలేజీ పిల్లలు సీఎస్పీ ఫారాలు పట్టుకెళ్ళారు. అరుగు మీద జీడిపిక్కలు కొడుతున్న ముసలమ్మ తలెత్తకుండానే, "మీరూ రాసీసుకుని ఎలిపోతారేటి బాబూ?" అంది. పిల్లలకి నోట మాట రాలేదు.

అప్పుడనుకున్నాం, రాసుకున్నది ఆ ఊరికే చదివి వినిపిద్దామని. ఒక సాయంత్రం రామమందిరం దగ్గర అందర్నీ కూర్చోబెట్టాం. ఎన్ని ఇళ్ళు ఇంకా నూతినీళ్ళే తాగుతున్నాయి, ఎవరెవరు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోలేదు (పేర్లు చదవలేదులే, లెక్కే), డయాలసిస్‌కి వెళ్ళొచ్చే దారిఖర్చు ఎంతవుతోంది, పింఛనుకి ఎందరు తిరుగుతున్నారు. ఒకబ్బాయి చార్టు పట్టుకుని చదువుతుంటే వెనకనుంచి ఒకటే సవరణలు! "ఆ ఇంటాయన సంక్రాంతికే పోయినాడు, కొట్టెయ్" అని ఒకరు. ఇంకో ఆవిడ లేచి, "కుళాయి వచ్చే ఏళకి మేం తోటల్లో ఉంటాం. నుయ్యి కాకపోతే ఇంకేటి తాగుతాం?" అంది. కాలేజీ ఇచ్చిన ఫారంలో 'కుళాయి ఉందా, లేదా' వరకే ఉంది. ఉందన్న చోటల్లా టిక్కు పడింది. నీళ్ళు ఏ వేళకొస్తాయో అడిగే గడే లేదు!

మర్నాడు పిల్లలే పంచాయతీకి అర్జీ రాశారు, నీళ్ళొదిలే వేళ మార్చమని. ఇంకా మార్చలేదు. వాళ్ళు మాత్రం వదలట్లేదు.

అందరూ ఇలాగే చేస్తారనుకునేవు. ఒకడు రాసిన లాగ్‌బుక్కు పదిమంది దించెయ్యడం నీకు తెలియని విద్య కాదు. జిరాక్స్ షాపుల్లో రిపోర్టులు తయారుగా దొరుకుతున్నాయి, ఊరిపేరు మార్చుకుంటే సరి. గంటలకి క్రెడిట్లు కట్టాక అది తప్పదు. అలాగని మన రోజులే గొప్పవనీ అనను. గోతులు పూడ్చాం, రాత్రి నాటిక వేశాం, లారీ ఎక్కి పాటలు పాడుకుంటూ వచ్చేశాం. ఆ ఊరివాళ్ళు ఏ నీళ్ళు తాగేవారో నీకు తెలుసా? నాకూ తెలీదు.

అమ్మాయిని పొద్దున్నే వెళ్ళమను, పనుల్లోకి పోకముందే మనుషులు దొరుకుతారు. ఆధార్ నంబర్ల జోలికి పోవద్దను. ఫారంలో లేనివి విడిగా ఒక నోట్‌బుక్కులో రాసుకోమను. ఏ ఊరు పడిందో నాకు రాయి.

పలాస జీడిపప్పు పంపమన్నావు. ధర మండిపోతోంది, ఈసారి డబ్బు ముందు పంపు. పోయినసారిది ఇంకా బాకీ ఉన్నావు.

నీ
సూరి