విద్యుత్ స్కూటర్ల భద్రతపై నగర కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మహా విశాఖ నగర పాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారములు. నేను ఎంవీపీ కాలనీలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. పొగ లేని విద్యుత్ స్కూటర్లు మన వీధుల్లో పెరగడం నాకు సంతోషమే. అయితే చప్పుడు లేకుండా వెనుక నుంచి వచ్చే ఆ బండ్లు బీచ్ రోడ్డులో నడిచే నాలాంటి వృద్ధులను ఉలిక్కిపడేలా చేస్తున్నాయి.

మోటారు సామర్థ్యం 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించని బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదని కేంద్ర నిబంధనలు వెసులుబాటు ఇచ్చాయి. వేగ పరిమితిని తొలగిస్తే ఆ వెసులుబాటు వర్తించదు. అయినా ఒక దుకాణంలో, మా మనవడికి బండి చూపిస్తూ, "కొన్నాక స్పీడు పెంచి ఇస్తాం" అని నా ఎదుటే అన్నారు. రవాణా, పోలీసు శాఖలతో కలిసి మీరు జరిపించే తనిఖీలు రోడ్డు మీది కుర్రాడితో కాక, అటువంటి దుకాణాలతో మొదలు కావాలి.

ఇంతకంటే నన్ను భయపెడుతున్నది బ్యాటరీల సంగతి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, విద్యుత్ స్కూటర్ల షోరూమ్ ఉన్న భవనంలో చెలరేగిన మంటల పొగ పై అంతస్తుల్లోని హోటల్‌ను కమ్మేసి 8 మందిని బలిగొన్నది. మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోనూ మెట్ల పక్కనే, వేలాడే తీగలతో, రాత్రంతా ఛార్జింగ్ సాగుతోంది. మెట్లకు దూరంగా ప్రత్యేక స్థలం, విడి విద్యుత్ లైను, పొగను పసిగట్టే అలారం తప్పనిసరి చేస్తూ నివాసుల సంఘాలకు వేసవి రాకముందే ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఎంవీపీ కాలనీ నివాసి, విశాఖపట్నం