మెరుపు చూసి గ్యాస్ లెక్కలు రాయొద్దు

సంపాదకులకు నమస్కారం.

సీస్మిక్ సర్వేలో బలమైన సంకేతాలు కనిపించాయి, అంటే అక్కడ భారీగా గ్యాస్ ఉన్నట్టే అన్న ధోరణిలో వార్తలు చదివినప్పుడల్లా మనసు ఒప్పుకోదు. ఆ డేటా ముందు కూర్చోవడమే నా ఉద్యోగం, అందుకే రాస్తున్నాను.

ఈ సర్వేలో భూమిలోకి పంపిన తరంగం ఒక రాతి పొర దాటి ఇంకోదానిలోకి వెళ్లేటప్పుడు కొంత వెనక్కి వస్తుంది. ఎంత వస్తుందనేది రెండు పొరల సాంద్రతలో, తరంగ వేగంలో ఉన్న తేడాను బట్టి ఉంటుంది. మెత్తటి ఇసుకరాయి రంధ్రాల్లో నీళ్లకు బదులు గ్యాస్ చేరితే ఆ రెండూ తగ్గుతాయి, పైనున్న షేల్ (బంకమట్టి గట్టిపడ్డ రాయి) పొరతో తేడా పెరుగుతుంది, యాంప్లిట్యూడ్, అంటే వెనక్కొచ్చే తరంగం బలం, పెరిగి తెర మీద ఆ చోటు మెరుస్తుంది. దీన్నే బ్రైట్ స్పాట్ అంటాం. 1970ల నుంచి దీని సాయంతో ఎన్నో గ్యాస్ నిల్వలు దొరికాయి, అది కాదనను.

కానీ వేగం పడిపోవడానికి గ్యాస్ ఎక్కువ అక్కర్లేదు! రంధ్రాల్లో నూటికి ఐదు వంతులు గ్యాస్, మిగతాదంతా నీళ్లే అయినా వేగం దాదాపు అంతే తగ్గుతుంది. ఇది నాకు పుస్తకం కంటే ఒక బావి గట్టిగా నేర్పింది. మేం చెప్పిన లోతులోనే ఇసుక పొర తగిలింది, తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద, డ్రిల్లింగ్ మడ్‌లో గ్యాస్ రీడింగ్ కూడా లేచింది, అందరికీ ఒకటే టెన్షన్, తీరా రాయి కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే రెసిస్టివిటీ లాగ్ దింపితే ఆ పొర పొడవునా గీత ఎడమ అంచుకే అతుక్కుని ఉంది, అంటే కరెంటు సులువుగా పోతోంది, ఉన్నది ఉప్పునీళ్లు. గ్యాస్ ఉంది, తీయడానికి సరిపడా లేదు.

పొర మందం కూడా మోసం చేస్తుంది. తరంగ వేగం సెకనుకు 2400 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 80 మీటర్లు, అందులో నాలుగో వంతు 20. పొర సుమారు అంత మందం ఉన్నప్పుడు పై హద్దు, కింది హద్దు ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి మెరుపు పెరుగుతుంది, గ్యాస్ పెరిగి కాదు. లోతున గట్టిపడ్డ ఇసుకరాయిలో అయితే గ్యాస్ ఉన్నా మెరుపు తగ్గిపోవచ్చు.

సోర్స్‌కీ రిసీవర్‌కీ మధ్య దూరం పెరిగేకొద్దీ యాంప్లిట్యూడ్ ఎలా మారుతుందో చూసే ఏవీఓ పద్ధతి, 1984లో ఆస్ట్రాండర్ అనే జియోఫిజిసిస్ట్ చూపించినది, గ్యాస్ ఇసుకను మామూలు పొర నుంచి వేరు చేయడానికి బాగా పనికొస్తుంది. కొంచెం గ్యాసా, బోలెడా అన్నచోట మాత్రం అదీ తడబడుతుంది.

కాబట్టి మీ విలేకరులను ఒక్కటే కోరుతున్నాను, నిల్వ ఎంతో అంకె వేసే ముందు బావి తవ్వారా, లాగ్‌లో నీటి శాతం ఎంత వచ్చింది, టెస్ట్‌లో గ్యాస్ పారిందా అని అడగండి. ఇంకా తవ్వలేదంటే ఆ మాటే హెడ్డింగ్‌లో పెట్టండి.

ఇట్లు,
ఒక జియోఫిజిసిస్ట్