స్లో డైవ్ అని డబ్బు కట్టించుకుని, సిలిండర్ మెడ పట్టుకుని ఈడ్చుకెళ్లారు

మేనేజర్ గారికి,

విషయం: స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) స్కూబా డైవ్‌లో ఒప్పుకున్న సేవ ఇవ్వకపోవడం, డబ్బు వాపసు గురించి.

నమస్కారమండీ. మీ నెల్లూరు ఆఫీసులో బుక్ చేసుకుని అండమాన్ వెళ్లొచ్చాను. మాది విడవలూరు మండలం, వనామీ రొయ్యల చెరువుల మీద బతికేవాళ్లం. సముద్రం మాకు దగ్గరే గానీ, ఆ ఒండ్రు నీళ్లలో మునిగితే మన చెయ్యి మనకే కనపడదు. పగడాలు చూడాలంటే అంత దూరం పోక తప్పదు.

మీ కాగితంలో ఉన్నది ఇదీ: చిన్న జీవుల కోసం స్లో డైవ్, 6 నుంచి 8 మీటర్ల లోతు, గైడుకి ఇద్దరే, 45 నిమిషాలు. మామూలు డైవ్ కంటే ఎక్కువ డబ్బు కట్టింది అందుకే. నాకు ఓపెన్ వాటర్ కార్డు (స్కూబా శిక్షణ పూర్తి చేసినట్టు ఇచ్చేది) ఉంది, 18 మీటర్ల దాకా దిగొచ్చు. అయినా తక్కువ లోతే అడిగాను. 10 మీటర్లు దిగితే పీడనం రెట్టింపై సిలిండర్‌లో గాలి త్వరగా అయిపోతుంది, ఎరుపు రంగు కూడా కనపడకుండా పోతుంది. పైపైన ఉంటే తీరిగ్గా చూడొచ్చు.

తీరా వెళ్తే ఒక్క గైడుకి ఆరుగురం. మొదటిసారి దిగేవాళ్లతో నన్నూ కలిపేశారు. దిగీ దిగగానే గైడు బిస్కెట్లు చల్లాడు. చారల చేపలు ముసురుకున్నాయి, ఇక వీడియోలే వీడియోలు. క్లౌన్ ఫిష్ బయటికి రావాలని, అది దాక్కునే ఎనిమోన్ అనే సముద్ర జీవిలో వేలు పెట్టి కెలికాడు. మాలో ఒకాయన ఏకంగా పగడం మీద నిలబడ్డాడు. గైడు చూశాడు, ఆపలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పగడాలు గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ 1 కింద ఉన్నాయన్న సంగతి మీ గైడుకి ఎవరూ చెప్పలేదా?

నేను చూడాలనుకున్నది పిస్టల్ రొయ్యని, అంటే పంజా టక్కున మూసి చప్పుడు చేసే రొయ్యని. నీళ్లలోకి దిగగానే తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు వినపడుతుందే, ఆ చప్పుడు చాలావరకు ఈ జాతి రొయ్యలదే. ఒక ఇసుక గుంత దగ్గర దొరికింది కూడా. గుమ్మంలో గోబీ చేప కాపలా నిలబడి ఉంది. రొయ్య లోపలి నుంచి ఇసుక తోసుకుంటూ వచ్చింది. దానికి చూపు అంతంత మాత్రం, అందుకే ఒక మీసం చేప ఒంటికి ఆనించే ఉంచింది. చేప తోక ఆడిస్తే ప్రమాదమని దానికి అర్థం. రోజూ చెక్ ట్రేలో (చెరువులో మేత, రొయ్యలు చూసుకునే పళ్లెంలో) రొయ్యల్ని చూసేవాణ్ణి, ఇలా ఇంకొకరి కళ్లతో బతికే రొయ్యని నేనెక్కడా చూడలేదు. కదలకుండా ఉంటే మళ్లీ వచ్చేది. ఈలోపు గైడు నా సిలిండర్ మెడ పట్టుకుని లాగాడు. కాళ్లకి తొడుక్కునే ఫిన్ల దెబ్బకి ఇసుక లేచింది, రెండూ లోపలికి పోయాయి.

25 నిమిషాలకే పైకి తెచ్చారు. నా సిలిండర్ గేజ్‌లో ఇంకా 120 బార్ గాలి మిగిలే ఉంది. అడిగితే తర్వాతి బ్యాచ్ ఎదురుచూస్తోందన్నారు. నెల్లూరు ఆఫీసుకి ఫోన్ చేస్తే, "చేపలు కనపడ్డాయి కదా సార్" అని పెట్టేశారు. చేపలే కావాలంటే మా ఊరి సంతకి పోయేవాణ్ణి కదండీ!

నేనడిగేది, స్లో డైవ్ పేరుతో అదనంగా కట్టించుకున్న మొత్తం వాపసు ఇవ్వండి. మొత్తం టూర్ డబ్బు అడగడం లేదు, బోటు, బస బాగానే ఉన్నాయి. అలాగే బిస్కెట్లు చల్లడం, పగడాల మీద నిలబడనివ్వడం ఆపిస్తామని రాసివ్వండి. గైడుకి ఇద్దర్నే ఇవ్వలేనప్పుడు ఆ ప్యాకేజీ అమ్మకండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) దాకా తిరగక్కర్లేదు. రసీదు, మీ కాగితం కాపీ, లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్ ఫొటో జత చేశాను. డబ్బు నేను కట్టిన ఖాతాకే వేయండి.

ఇట్లు,
మీ కస్టమర్,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా