చర్చల బల్ల దగ్గర ఆడవాళ్లేరి?

సంపాదకులకు నమస్కారం.

2023 మేలో మెయితీ, కుకీ వర్గాల ఘర్షణలతో మణిపుర్ అట్టుడికినప్పటి నుంచి, రాత్రిపూట కాగడాలు పట్టుకుని కాపలా కాస్తున్న మహిళల ఫొటోలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. చర్చల ఫొటోల్లో మాత్రం వాళ్లు కనిపించడం అరుదు. ఇది నాకు చాలా బాధగా ఉంది.

పక్కనే ఉన్న నాగాలాండ్ చూడండి. 1984లో ఏర్పడిన నాగా మదర్స్ అసోసియేషన్ తల్లులు ‘ఇక రక్తం చిందించొద్దు’ అంటూ ఊరూరా తిరిగారు. సరిహద్దు దాటి మయన్మార్ కొండల్లోకి నడిచి వెళ్లి మరీ నాగా తిరుగుబాటు దళాల నాయకులతో మాట్లాడారు. అంత చేసినా, 1963లో ఏర్పడిన ఆ రాష్ట్ర అసెంబ్లీకి మొదటిసారి మహిళలు ఎన్నికైంది 2023లోనే!

2003లో ఆఫ్రికా దేశం లైబీరియాలో అంతర్యుద్ధం ఆపేందుకు శాంతి చర్చలు ఘనాలోని అక్రాలో వారాల తరబడి సాగుతుంటే, ఆ దేశపు శాంతి ఉద్యమకారిణి లేమా బోవీ వెంట వచ్చిన మహిళలు చేయీ చేయీ కలిపి హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. తేల్చేదాకా ఎవరినీ బయటికి పోనివ్వమన్నారు. ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. అది వాళ్ల ఒక్కరి ఘనతే అనను గానీ, వాళ్లు లేకపోతే ఇంకెన్నాళ్లు పట్టేదో.

మణిపుర్‌లో కాగడాలు పట్టిన మెయితీ మహిళలు, అంటే మెయిరా పైబీలు, తమ వర్గం పక్షమే వహించారన్న విమర్శ ఉంది. అందుకే మెయితీ, కుకీ మహిళలను ఇద్దరినీ పిలవాలి. సహాయ శిబిరాల్లో పిల్లలకు పాలు, మందులు వెతుక్కున్నవాళ్లకు తిరిగి ఊరు చేరాలంటే ముందు ఏం కావాలో తెలుసు. శాంతి చర్చల్లో మహిళలకు చోటివ్వాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2000లోనే 1325వ తీర్మానం చేసింది. మణిపుర్‌పై కేంద్రం జరిపే ప్రతి చర్చలోనూ ఇరువైపుల మహిళా ప్రతినిధులు ఉండాలన్న నిబంధన పెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఖమ్మం