ఆదివారం షెడ్డు పని: పాత బట్టలే వేసుకురండి

అన్నలు, అక్కలు, మన ఫైబర్ పడవకు అతుకులు వేయడానికి ఆదివారం పొద్దున 7కే సాగర్ బ్యాక్‌వాటర్ షెడ్డుకు రండి. ఎండెక్కితే రెజిన్ (అతుకు వేసే జిగురు ద్రవం) మన మాట వినదు. పోయినసారి నేను ఒకేసారి అర లీటరు కలిపాను. బ్రష్ ముంచేలోపే డబ్బా వేడెక్కి, పొగలు కక్కి, బెల్లం పాకంలా గడ్డకట్టింది. బ్రష్ ఇంకా అందులోనే ఉంది, చూపిస్తా.

ఈసారి 100 మి.లీ. చొప్పునే. దాన్ని గట్టిపరిచే మందు, హార్డెనర్, 1 మి.లీ. చాలు. త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ మందును రెజిన్‌లో ముందే బాగా కలిపేయాలి, దాన్ని హార్డెనర్‌తో నేరుగా కలిపితే పేలుతుంది. ఆ పని నేనే చూసుకుంటా, పిల్లలు దగ్గరికి రావద్దు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

పిల్లలకు ఉప్పు కాగితం పని. నీళ్లతో తడిపి రుద్దాలి, పొడిగా రుద్దితే ఫైబర్ దుమ్ము మెడకు పట్టి రాత్రంతా దురదే. మన ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న తెరచాప పడవ) 35 కిలోలే, తిప్పడానికి ఇద్దరు చాలు.

పుట్టికి (గుండ్రటి బుట్ట పడవకు) తారు పూసే మామ కూడా వస్తానన్నాడు. మన అతుకులు చూసి నవ్వుతాడు, నవ్వనీయండి. చాయ్, ఉప్మా నావి.