చుట్టాలొచ్చే వేళకు ఇంటిని పిల్లల చేతికి ఇవ్వండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఏప్రిల్ 24 నుంచి మన బడికి వేసవి సెలవులు. మళ్ళీ జూన్ 12న తెరుస్తాం. ఈలోగా మీలో చాలామంది ఇళ్ళకు చుట్టాలు వస్తారు. హైదరాబాదు నుంచి మేనత్తలు, బెంగళూరు నుంచి బాబాయిలు, పల్లె నుంచి అమ్మమ్మ, తాతయ్య. పెళ్ళిళ్ళకని కొందరు, ఆవకాయ పెట్టే రోజులకని కొందరు. చుట్టాలు వస్తున్నారనగానే ఇల్లు సర్దడం, అలంకరించడం పెద్దల పని అయిపోతుంది. పిల్లలు అడ్డు రాకుండా ఉంటే చాలనుకుని వాళ్ళ చేతికి ఫోను ఇచ్చి కూర్చోబెడతాం.

ఈ సెలవులకు మేము రాతపని ఏదీ ఇవ్వడం లేదు. మీ దగ్గర మాత్రం ఒక కోరిక కోరుతున్నాను. వచ్చేవారి కోసం ఇంటిని సిద్ధం చేసే పనిలో ఒక భాగాన్ని పూర్తిగా మీ పిల్లలకు అప్పగించండి. అది గుమ్మం కావచ్చు, మంచినీళ్ళ మూల కావచ్చు, రాత్రి భోజనాలు పెట్టుకునే డాబా కావచ్చు. అక్కడ కనిపించేది వాళ్ళ చేతులతో చేసినదై ఉండాలి. వచ్చినవారికి అది ఉపయోగపడాలి కూడా.

ఉపయోగం సంగతి గట్టిగానే చెబుతున్నాను. గోడకు అతికించి నాలుగు రోజుల తర్వాత చెత్తబుట్టలో వేసే థర్మాకోల్ బొమ్మతో ఎవరికీ పని లేదు. పిల్లవాడు చేసిన విసనకర్రతో కరెంటు పోయిన మధ్యాహ్నం మేనత్త విసురుకుంటే, తన వల్ల ఇంట్లో ఒకరికి సుఖం కలిగిందని వాడికి తెలుస్తుంది. చుట్టాలకు మర్యాద చేయడమంటే ఏమిటో పాఠ్యపుస్తకం నేర్పలేదు. మీ ఇల్లు నేర్పగలదు.

మంచినీళ్ళ మూలతో మొదలుపెట్టమని నా సలహా. మే నెల ఎండలో బెజవాడ బస్టాండు నుంచో, రైల్వే స్టేషను నుంచో ఇల్లు చేరిన మనిషికి మొదట కావలసినవి చల్లని నీళ్ళే. ఒక మట్టికుండ, దాని కింద ఇసుక నింపిన వెడల్పాటి మట్టిపళ్ళెం ఉంటే చాలు. ఆ ఇసుకలో మెంతులో ఆవాలో చల్లి రోజూ తడుపుతూ ఉంటే నాలుగైదు రోజుల్లో కుండ చుట్టూ పచ్చగా మొలకలు లేస్తాయి. చుట్టాలు ఏ రోజు వస్తారో చెప్పి, విత్తనాలు ఎప్పుడు చల్లాలో పిల్లల్నే లెక్కవేయమనండి. యు.కె.జి. పిల్లలు కూడా ఈ పని చక్కగా చేయగలరు.

కుండకు రంగులు వేస్తామని పిల్లలు ఉబలాటపడతారు. ఆయిల్ పెయింటు మాత్రం వద్దు. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమ్మగా బయటికి వచ్చి ఆవిరవుతుంది. ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. పెయింటు పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి, నీళ్ళు చల్లబడవు. మెడ చుట్టూ మాత్రం తడి సుద్దతోనో, పలచటి సున్నంతోనో ముగ్గు గీతలు వేయమనండి. మిగతా కుండకు తడిగుడ్డ చుడితే ఇంకా మంచిది. రంగు ఎందుకు వద్దన్నామో పెద్ద తరగతుల పిల్లల్ని అడగండి. సైన్సు పాఠం గుర్తుంటే వాళ్ళే చెబుతారు, లేకపోతే రెండు కుండలు పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. నీళ్ళలో వేయడానికి శుభ్రంగా కడిగిన వట్టివేళ్ళ చిన్న కట్ట దొరికితే ఆ వాసనే వచ్చినవారికి సగం సేద తీరుస్తుంది.

వేసవి మనకిచ్చే మరో వస్తువు తాటాకు. ముంజెల బళ్ళ దగ్గర అడిగితే ఆకులు దొరుకుతాయి, పల్లెలో బంధువులుంటే మొవ్వలోని లేతాకు తెప్పించుకోవచ్చు. లేతాకు తెల్లగా, మెత్తగా ఉండి పిల్లల వేళ్ళకు లొంగుతుంది. ముదురాకైతే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి మడవాలి, లేకపోతే మడత దగ్గర చిట్లుతుంది. విసనకర్రకు ఆకును గుండ్రంగా కత్తిరించి, అంచు చీరుకోకుండా పాత చీర పట్టీ వేసి కుట్టాలి. ఆ అంచు దగ్గరే అందమంతా ఉంది. ఇంట్లో పాత మంగళగిరి చీర ఉంటే దాని జరీ అంచు ఇందుకు ఎంతో బాగుంటుంది. తాటిమట్టకు రెండు వైపులా రంపపు పళ్ళు ఉంటాయి కాబట్టి మట్ట కోయడం, చెక్కడం పెద్దలే చేయాలి. మిగిలిన ముక్కలతో చిలకలు, గిలకలు, చిన్న బుట్టలు అల్లడం మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తప్పకుండా వచ్చే ఉంటుంది. వాళ్ళు మరచిపోయామంటే నమ్మకండి, ఆకు చేతికిస్తే వేళ్ళకు గుర్తొస్తుంది. ముంజెలు తిన్నాక మిగిలే బుర్రలతో బండి కట్టడం తాతయ్యల విద్య. అది అలంకరణ కాకపోయినా, చుట్టాల పిల్లలకు ఒక పూటంతా ఆట.

ఒక్కొక్క విసనకర్ర మీద ఒక్కొక్కరి పేరు రాయమనండి. పేరుతో పాటు వరస కూడా. ‘సీతత్తయ్య’, ‘రాము బాబాయి’ అని. ఎవరు ఏమవుతారో, ఎవరి తర్వాత ఎవరో ఈ వంకతో పిల్లలు అడిగి తెలుసుకుంటారు. పిన్నికీ పెద్దమ్మకూ తేడా తెలియక అందరినీ ‘ఆంటీ’ అని పిలిచే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు.

డొప్పల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది చాలా తేలిక, ఖర్చు లేదు. బాదం చెట్టు మన వీధుల్లో చాలా చోట్ల ఉంటుంది. వెడల్పాటి పచ్చి ఆకును కడిగి తుడిచి, కాడ వైపు రెండు అంచులను ఒకదాని మీదికి ఒకటి తెచ్చి, సన్నగా చీల్చిన కొబ్బరి ఈనెతో గుచ్చితే గరిటెలాంటి డొప్ప అవుతుంది. రెండో కొసను కూడా అలాగే మడిచి గుచ్చితే దోనె ఆకారం వస్తుంది. ఈనె ముక్క కొస ఆకు లోపల మిగిలిపోకుండా చూడాలి, తినేవారి చేతికి గుచ్చుకుంటుంది. నాలుగైదు ఆకులు కలిపి కుడితే విస్తరి అవుతుంది, కానీ దానికి ఓపిక కావాలి. మామిడి ముక్కలు, ముంజెలు, వడపప్పు పెట్టడానికి డొప్పలు చాలు. పొద్దున కుట్టినవి సాయంత్రానికల్లా వాడేయాలి, మరునాటికి ఆకు వడలిపోతుంది.

ఎండను శత్రువులా చూస్తాం కానీ, చేతిపనికి ఇంతకన్నా మంచి తోడు లేదు. డాబా మీద వడియాలు ఎండే మూలలోనే కాగితపు గిన్నెలూ ఎండుతాయి. పాత వార్తాపత్రికలను ముక్కలుగా చించి రెండు రోజులు నానబెట్టాలి. నీరు పిండి, నానబెట్టి రుబ్బిన మెంతులు కలిపి మెత్తగా నూరితే ముద్ద అవుతుంది. మెంతుల జిగురు దాన్ని పట్టి ఉంచుతుంది, ఆ చేదుకు పురుగు దరి చేరదు. పూర్వం చాటలకు, బుట్టలకు ఇలాంటి పూతే పూసేవారు. స్టీలు గిన్నెను బోర్లించి, దాని మీద తడిగుడ్డ పరచి, ముద్దను వేలి మందాన సమంగా అద్దాలి. మొదటిరోజు నీడలో ఉంచాలి. నేరుగా ఎండలో పెడితే పై పొర ముందు ఆరి బీటలు వారుతుంది. రెండో రోజు నుంచి ఎండలో. గట్టిపడ్డాక గిన్నె నుంచి విడదీసి తెల్లకాగితం అంటించి రంగులు వేసుకోవచ్చు. మల్లెపూలు, తమలపాకులు, వక్కలు పెట్టుకోవడానికి ముచ్చటగా ఉంటాయి. పత్రికల్లో సిరా ఉంటుంది కాబట్టి తినుబండారాలు అందులో నేరుగా పోయకూడదు, అరటాకు ముక్క వేసి పెట్టాలి.

ఈ గిన్నెలు చేసిన పిల్లల్ని కొండపల్లి తీసుకెళ్ళండి. వచ్చిన చుట్టాలకు ఖిల్లా కూడా చూపించినట్టవుతుంది. అక్కడి బొమ్మలు తెల్లపొణికి చెక్కతో చేస్తారు. చేతులు, కాళ్ళు, తలపాగా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికించి, సున్నం పూసి ఆపైన రంగులు అద్దుతారు. మెంతిపిండితో తన చేతులు జిగటగా చేసుకున్న పిల్లకు ఆ చింతగింజల ముద్ద ఎందుకో ఇట్టే అర్థమవుతుంది. ఊరికే చూడడానికి వెళ్ళిన పిల్లకు అది కనిపించకపోవచ్చు.

భోజనాల దగ్గర పరిచే గుడ్డను చిన్నపిల్లలు కూరగాయల ముద్రలతో చేయవచ్చు. పాత నూలు పంచె ముక్క తీసుకోండి. బెండకాయను అడ్డంగా కోస్తే పువ్వు, ఉల్లిపాయను కోస్తే వలయాలు. రంగు మాత్రం బట్టలకు వాడేదే కొనండి. పసుపు ఎండకు వెలిసిపోతుంది, బీట్‌రూట్ రంగు ఉతికితే పోతుంది. ఆరిన తర్వాత వెనక వైపు ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది.

ఎనిమిదో తరగతి దాటిన వారికి ఇంకొంచెం కష్టమైన పని చెబుతాను. మన పక్కనే కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టలకు టేకు అచ్చులతో అద్దకం వేస్తారు. అంతకు ముందు బట్టను కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెడతారు. ఇంట్లో ఆ అద్దకంలోని నలుపు రంగు ఒక్కటి ప్రయత్నించవచ్చు. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు ఒక మట్టిపాత్రలో వేసి, గుడ్డ కట్టి రెండు మూడు వారాలు ఉంచాలి. వడకట్టిన ఆ నీటిని వెదురు పుల్లతో కరక్కాయ పట్టిన బట్ట మీద గీస్తే, చూస్తుండగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలవడం వల్ల వచ్చే నలుపు అది. వాసన బాగా ఉంటుంది కాబట్టి పాత్రను బాల్కనీలో, చిన్నపిల్లలకు అందని చోట పెట్టండి. ఏప్రిల్ చివర్లో మొదలుపెడితే మే నెల మధ్యకు సిద్ధమవుతుంది.

మావిడాకుల తోరణం అందరికీ తెలిసిందే. ఆకు కొసను వెనక్కి మడిచి ఈనెతో గుచ్చే పద్ధతి ఒక్కసారి చూపిస్తే రెండో తరగతి పిల్లలు కూడా కట్టేస్తారు. డాబా మీద రాత్రి భోజనాలకు దీపాలు కావాలంటే వెడల్పు మూతి ఉన్న ఖాళీ గాజు సీసాల్లో అంగుళం ఇసుక పోసి ప్రమిద పెట్టండి, గాలికి ఆరదు. కాగితపు లాంతర్లలో మంట మాత్రం ఎవరూ పెట్టవద్దు. బ్యాటరీ దీపాలు వాడుకోవచ్చు.

ఇక మీకు రెండు మాటలు. పని పిల్లలదైతే చివరి మెరుగులు కూడా వాళ్ళవే కావాలి. వంకరగా కత్తిరించిన విసనకర్రను రాత్రి వాళ్ళు నిద్రపోయాక సరిచేయకండి. పొద్దున లేచి చూసిన పిల్లవాడికి తన పని మీకు నచ్చలేదని తెలుస్తుంది, రెండోసారి చేయి పెట్టడు. బడిలో ప్రాజెక్టులు తీసుకునేటప్పుడు ఏది పిల్లలు చేశారో, ఏది పెద్దలు చేశారో మా ఉపాధ్యాయులు చూడగానే గుర్తుపడతారు. మాకు ఎప్పుడూ వంకర గీతలే ఎక్కువ ఇష్టం. మగపిల్లల చేతికి సూది ఇవ్వడానికి సందేహించకండి. తోరణం కట్టడం, విస్తరి కుట్టడం, వచ్చినవారికి నీళ్ళు అందించడం ఆడపిల్లల పనులుగా మిగిలిపోకూడదని మనసారా కోరుకుంటున్నాను.

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో ఇవన్నీ కుదరవని తెలుసు. ఒక్కటి చాలు. ఈ వేసవిలో చుట్టాలెవరూ రాని ఇళ్ళు కూడా ఉంటాయి. అలాంటివారు కింది వాటాలో ఉండే పెద్దవాళ్ళను ఒక సాయంత్రం మజ్జిగకు పిలవండి. పిల్లలకు వచ్చేవారు ఎవరైనా ఒకటే, తాము సిద్ధం చేసిన ఇంటికి ఒకరు రావాలి, అంతే.

పనులన్నీ ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం ఐదు దాటాక పెట్టుకోండి. ఎండబెట్టిన వస్తువులు చూసుకోవడానికైనా సరే, మిట్టమధ్యాహ్నం పిల్లల్ని డాబా మీదికి పంపవద్దు. పోటీ లేదు, మార్కులు లేవు, ఫొటోలు పంపనవసరం లేదు. కావాలనుకున్న పిల్లలు జూన్‌లో ఒక వస్తువు తెచ్చి, అది ఎలా చేయాలో తమ తరగతికి నేర్పవచ్చు. అందుకు మొదటి వారం చివరి పీరియడ్లు ఖాళీగా ఉంచుతున్నాం.

బొమ్మలు వేసే గదిలో ఈ ఏడాది మిగిలిన రంగు కాగితాలు, అట్టలు, పురికొస ఏప్రిల్ 23 ఉదయం ఆఫీసు ముందు బల్ల మీద పెడతాం. కావలసినవారు సంచి తెచ్చుకుని తీసుకెళ్ళండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ